సైగల అక్క

మా సంస్థలో ఒక అక్క ఉండేది. వినబడని, మాట రాని వాళ్ల సైగలను అందరికీ అర్థమయ్యేలా పలికేది. ప్రతిసారీ ముందుగా "ఇది నా మాట కాదు" అనేది. అదేం అలవాటో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు అట్లాంటి కూలి అమ్మాయిని వెంటబెట్టుకుని నేనూ అక్కా పోలీసు స్టేషనుకు పోయినాము. తోటలో ఆ అమ్మాయి చేయి పట్టి లాగిన యజమాని అప్పటికే కుర్చీలో కూర్చోనున్నాడు.

"రాజీ పడమని చెప్పమ్మా," అన్నాడు ఎస్సై.

అక్క సైగ చేసి చెప్పింది. యజమాని అక్కకేసి చూసి, "నీ ఇల్లు యాడుండాదో నాకు తెలుసు," అన్నాడు మెల్లగా.

అక్క ఆ బెదిరింపును కూడా అమ్మాయికి సైగల్లో చెప్పింది. అమ్మాయి ముఖం ఎర్రబడింది. వేళ్లు గబగబా ఆడించింది.

"ఇది నా మాట కాదు సార్, ఈ అమ్మాయి మాట," అంది అక్క. "'మీ ముందరే బెదిరించినాడు కదా, అది కూడా రాసుకోండి' అంటాంది."

ఎస్సై కాసేపు యజమానినే చూసినాడు. తర్వాత కాగితం ముందుకు లాక్కున్నాడు.

బయటికొచ్చినాక అక్క నీళ్ల సీసా మూత తీయలేకపోయింది. ఆ అమ్మాయే తీసి, సీసా పట్టుకుని తాగించింది.