గొంతు పెంచని మా తెలుగు మేడం

పోయిన గురువారం మొదటి పీరియడ్‌లో హాజరు తీసుకుంటుంటే హెడ్మాస్టారు నన్ను బయటికి పిలిచారు. "తెలుగు మేడం గారు పోయారండి. ఇందాకే, పాలకొల్లు ఆసుపత్రిలో," అన్నారు. ఆవిడ రెండేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నారు. ఇది వినాల్సి వస్తుందని తెలుసు. అయినా లోపలికి వెళ్లి రిజిస్టరు చేతిలోకి తీసుకున్నాక, ఏ పేరు దగ్గర ఆగానో గుర్తు రాలేదు.

సముద్రం దగ్గరున్న ఈ ఊరి హైస్కూల్లో నేను లెక్కల మాస్టారుగా చేరి ఏడేళ్లయింది. చేరిన కొత్తలో, తొమ్మిదో తరగతిలో నేను బోర్డు వైపు తిరిగితే చాలు, ఈలలు, బల్లల మోత. నేను అరిచేవాణ్ణి. వాళ్లు ఇంకాస్త పెంచేవాళ్లు. అదే తరగతి మేడం పీరియడ్‌లో నిమ్మళంగా ఉండేది. బెత్తం వాడతారేమోనని ఒకరోజు కిటికీలోంచి చూశాను. వెనక బల్లలో ఇద్దరు కొట్టుకుంటున్నారు. ఆవిడ పాఠం ఆపలేదు. చెబుతూనే నడిచి వెళ్లి వాళ్ల పక్కన నిలబడ్డారు. ఒకడి చేతికి డస్టరు ఇచ్చారు. వాడు లేచి వెళ్లి బోర్డు తుడిచాడు. అంతే.

"పదిమందిలో తిడితే పిల్లలకి మన మాట వినపడదు మాస్టారూ, పక్కవాళ్ల నవ్వే వినపడుతుంది," అనేవారు. గొడవ చేసినవాళ్లను ఇంటర్వెల్‌లో విడిగా కూర్చోబెట్టి, "ఎందుకు చేశావు?" అని కాదు, "ఏం జరిగింది?" అని అడిగేవారు. అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకునేవారు. నాకు అడగడమూ రాలేదు, ఊరుకోవడమూ రాలేదు.

ఆ తరగతిలో సముద్రంలో చేపల వేటకి వెళ్లే కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. ఉన్నట్టుండి పక్కపిల్ల నోట్సు చించేది, జుట్టు పట్టుకునేది. ఒకరోజు నేను మందలిస్తే జామెట్రీ బాక్సు నా మీదకి విసిరింది. నుదుటి మీద చీరుకుపోయింది. కోపం పట్టలేక అందరి ముందూ అన్నాను: "రేపు మీ నాన్నని తీసుకురా. లేకపోతే క్లాసులో అడుగుపెట్టకు."

తరగతి మొత్తం చప్పున అణిగిపోయింది. మొదటిసారి నా మాట చెల్లిందనుకున్నాను. ఆ పిల్ల సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో మేడం కారియర్ మూత తీయకుండానే కూర్చున్నారు. "ఆ పిల్లకి తండ్రి లేడండి. గోదావరి సముద్రంలో కలిసేచోట బోటు తిరగబడి రెండు నెలలైంది. శవం కూడా దొరకలేదు," అన్నారు. నేను తల ఎత్తలేకపోయాను. "మీరు కొత్త. నేను ముందే చెప్పాల్సింది. సాయంత్రం ఇద్దరం వెళ్దాం."

వెళ్లాం. తల్లి వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. "అయ్య లేని పిల్లని అందరిముందూ అయ్యని తెమ్మన్నారంటండి. ఇంక రాదండి. రేపట్నుంచి రొయ్యల షెడ్డులో పనికి పెట్టేస్తాను," అంది. పిల్ల లోపలే ఉంది. మూసిన తలుపుకి ఎదురుగా నిలబడి తప్పయిందన్నాను. లోపలినుంచి పలుకు లేదు. ఆ నెలలో అలా నాలుగుసార్లు వెళ్లాం.

నాలుగోసారి తిరిగి వస్తుంటే కాలవగట్టు మీద మేడం ఆగారు. "ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక పిల్లాణ్ణి లెంపకాయ కొట్టానండి. చెవిలోంచి రక్తం వచ్చింది. ఆ చెవి మరి వినపడలేదు. వాళ్లమ్మానాన్నా వచ్చి, 'బుద్ధి రావడానికే కొట్టారు లెండి మేడం గారూ' అని నాకే దణ్ణం పెట్టి వెళ్లారు. కేసు పెట్టుంటే బాగుండేది," అన్నారు. నన్ను ఓదార్చడానికి చెప్పలేదు. ఓదార్పుగానూ లేదు. ఆ తర్వాత నేను ఏ పిల్లనీ పదిమందిలో నిలదీయలేదు. తరగతి నడపడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకోవడానికి ఒక పిల్ల చదువు పోయింది.

శుక్రవారం దహనం అయింది. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. ఆ అమ్మాయి లేదు. శనివారం మధ్యాహ్నం షెడ్డుకి వెళ్లాను. వరసగా నిలబడి రొయ్యల తలలు తీస్తున్న ఆడవాళ్లలో ఆమె ఉంది. మెడలో పసుపుతాడు. ఐసు నీళ్లలో నాని వేళ్లు తెల్లగా ముడతలు పడ్డాయి. నన్ను గుర్తుపట్టింది.

"మేడం గారు పోయారమ్మా," అన్నాను.

చేతులు ఐసులోంచి పైకి తీసింది. తర్వాత నెమ్మదిగా అంది: "ఆఖరిసారి మీరిద్దరూ వచ్చినప్పుడు నేను తలుపు వెనకే ఉన్నానండి. మేడం గారు 'ఏం జరిగిందమ్మా?' అని అడిగి, గుమ్మంలోనే చాలాసేపు నిలబడ్డారు. ఇంకొక్కసారి పిలిస్తే బయటికి వచ్చేద్దామనుకున్నాను."

సూపర్వైజరు కేకేశాడు. ఆమె మణికట్టుతో ముక్కు తుడుచుకుని, రెండు చేతులూ మళ్లీ ఐసులోకి పెట్టింది.