నా కాళ్ళు తొక్కేసిన పాట

చెప్పుకుంటే సిగ్గు, చెప్పకుంటే కడుపుబ్బరం. అందుకే చెప్పేస్తున్నాను. ఒక పెద్దావిడ పరగడుపున బస్సెక్కి వచ్చి, కళ్ళ నీళ్ళు తిరిగేలా పాడిన పాటను నేను నా రెండు కాళ్ళతో తొక్కి ఆనవాలు లేకుండా చేశాను. కాళ్ళతో అంటే నిజంగా కాళ్ళతోనే. ఇదంతా విన్నాక మీకు నామీద గౌరవం మిగలదు. ఇంతకుముందు ఉండేదా అని మాత్రం అడగకండి.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మాది మోత్కూర్ దగ్గర నేతకారుల పల్లె. ఇంట్లో అమ్మా బాపూ ఇద్దరూ గుంటమగ్గం మీద నేసేవాళ్ళు. బడికి సెలవొస్తే నేనూ గుంటలో కాళ్ళు దించి కూర్చునేదాన్ని. చూడనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. గుంట అడుగున రెండు తొక్కుడు కర్రలుంటాయి. ఎడమది తొక్కితే సగం పోగులు లేస్తాయి, కుడిది తొక్కితే మిగతా సగం లేస్తాయి, మధ్యలోంచి అడ్డపోగును మోసుకుంటూ నాడె అటూ ఇటూ పరుగెడుతుంది. చేతులు చేసే పని నలుగురూ చూస్తారు. కాళ్ళు చేసే పని ఎవరూ పట్టించుకోరు, నేసే మనిషితో సహా.

డిగ్రీ అయ్యాక నల్లగొండలో యాదగిరన్న స్టూడియోలో పనికి కుదిరాను. స్టూడియో అంటే మరేం ఊహించుకోకండి. జిరాక్స్ షాపు మీద ఒక గది, ఆ గదిలో ఇంకో గది. లోపలి గదిలో మైకూ, గోడల నిండా స్పాంజీ. బయటి గదిలో కంప్యూటరు. మధ్యలో అద్దం. తెలంగాణ వచ్చిన తర్వాత ఊరికో కవి, వాడకో గాయని బయల్దేరారు కాబట్టి మాకు పనికి కొదవలేదు. పాటలు రికార్డు చేసి, కోసి, అతికే సాఫ్ట్‌వేర్ ఒకటుండేది. యాదగిరన్న దాన్ని మౌసుతోనే నడిపేవాడు. ఒక్కో బొమ్మనూ వెతుక్కుని, కళ్ళద్దాలు పైకి జరుపుకుని, ఒకసారి నా మొహం చూసి, అప్పుడు నొక్కేవాడు. ఆయన ఒక దగ్గును పాటలోంచి తీసేసేలోపు నేను కిందికి పోయి టీ తాగి వచ్చేదాన్ని.

ఒకరోజు పొరపాటున కీబోర్డు మీద చెయ్యి పడి, ఒకే ఒక్క అక్షరంతో పాట రెండు ముక్కలు కావడం చూశాను. ఆ రోజుతో నా బుద్ధి చెడింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా షార్ట్‌కట్లు నేర్చినది పొద్దూ ఎరగదు, ఎదురుగా ఉన్న మనిషినీ ఎరగదు. నోటుపుస్తకంలో రాసుకుని బస్సులో వల్లించేదాన్ని. ఇంట్లో చారు ఒలికితే, తుడవాలన్న ఆలోచన రాకముందే నా వేళ్ళు వెనక్కి తెచ్చే షార్ట్‌కట్ కోసం గాలిలో తడుముకునేవి. రెండు నెలల్లో సాఫ్ట్‌వేర్ ఇచ్చినవన్నీ నోటికొచ్చాయి. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఈ షార్ట్‌కట్లకు ఒక వరసా వావీ లేదని తేల్చి, అన్నిటినీ నా ఇష్టప్రకారం మార్చేశాను. కోతకు ఎరుపు, అతుకుకు పచ్చ, ధ్వని పెంచడానికి పసుపు. కీలన్నిటికీ రంగు కాగితాలు అంటించి, ఏ రంగు ఎక్కడుందో చీర డిజైన్లు గీసే గళ్ళ కాగితం మీద పటం వేశాను. బాపు ఆ కాగితం చూసి ఇది ఏ చీరకని అడిగాడు. కంప్యూటరుకని చెప్పాను.

"నేసెటోనికి లెక్క చేతులకు తెల్వాలె గని కాయితానికి తెలిస్తె ఏం ఫాయిద బిడ్డా?" అన్నాడు.

పెద్దవాళ్ళ మాట చద్దిమూట అంటారు. నేను ఆ మూట విప్పనైనా లేదు.

స్టూడియోలో నా సంస్కరణలకు మొదట బలైనవాడు యాదగిరన్న. ఒక పాటకు పేరు కొట్టడానికి కూర్చుని, రంగుల కింద అక్షరాలు కనబడక, చాలాసేపు కీబోర్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి ధైర్యం చేసి ఒక ఎర్రదాన్ని మూడుసార్లు నొక్కాడు. తెరమీదున్న పాట నాలుగు ముక్కలైంది. జర మౌసన్నా ఇయ్యి చెల్లె అని దీనంగా అడిగాడు. మౌసు బద్ధకస్తుల పరికరమని నేను అప్పటికే దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఇక చేతులు చాలలేదు. కాళ్ళు ఊరికే ఖాళీగా ఉన్నాయే అని బాధ కలిగింది. నా ఖర్మ కాలి, కంప్యూటరుకు తగిలించుకునే పెడళ్ళు దొరుకుతాయని తెలిసింది. జత తెప్పించాను. ఎడమ పెడలు తొక్కితే రికార్డింగు మొదలవ్వాలి. కుడిది తొక్కితే ఆగిపోవాలి, అప్పటిదాకా పాడింది తుడిచిపెట్టుకు పోవాలి. పాడేవాళ్ళు తప్పులు పాడుతూనే ఉంటారు కదా, తప్పు రాగానే ఒక్క తొక్కుతో పారేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చని నా తెలివి. మా కంప్యూటరులో జాగా ఎప్పుడూ నిండి ఉండేది కాబట్టి, తుడిచింది చెత్తబుట్టలో కూడా మిగలకుండా ఏర్పాటు చేశాను. పాపం ఆ సాఫ్ట్‌వేర్ మర్యాదస్తురాలు. తుడిచే ముందు ప్రతిసారీ "నిజంగానే తీసేయమంటారా?" అని అడిగేది. నన్నడగడానికి ఇదెవరని ఆ అడగడం కూడా మాన్పించాను.

ఎడమొకటి, కుడొకటి. పక్కపక్కనే. నేతకారుల పిల్ల కాళ్ళ కింద. మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. అర్థం కానిదల్లా నాకే.

సరిగ్గా ఆ వారంలోనే తిరుమలగిరి వైపు నుంచి సత్తెమ్మ పెద్దమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఆమె కూడా మగ్గం నేసేదే. తను నేసిన చీర ఏ ఊళ్ళో ఎవరి ఒంటిమీద ఉందో అని, అత్తగారింటికి పోయిన బిడ్డను అడిగినట్టు అడుగుతూ ఒక పాట కట్టుకుంది. అంతకుముందు ఇంకెక్కడో రికార్డు చేయించబోతే, పాట బాగుంది గానీ గొంతు మోటుగా ఉంది, వేరే అమ్మాయితో పాడిస్తామన్నారట. ఆమె పాటను కొంగున ముడేసుకుని తిరిగొచ్చేసింది.

"పాట నాది, గొంతు గూడ నాదే ఉండాలె," అంది మాతో. "నేను పోయినంక మనుమరాండ్లు, గిది మా అవ్వ గొంతు అని ఇనాలె. గదే నాకు గావలె."

ఇంకో సంగతి కూడా చెప్పింది. పాట అయ్యేదాకా ముద్ద ముట్టదట. రెండుసార్లు పాడమని అడగొద్దట. మొదటిసారి పాట కడుపులోంచి వస్తుందనీ, రెండోసారి ఒట్టి గొంతులోంచి వస్తుందనీ అంది. యాదగిరన్న తనే కంప్యూటరు ముందు కూర్చుంటానన్నాడు. ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యమని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన తలుపు దగ్గరగా వేసి బయట వరండాలో కూర్చున్నాడు.

పెద్దమ్మ మైకు ముందు కుర్చీలో కూర్చుంది. నేను ఎడమ పెడలు తొక్కాను. రికార్డవుతున్నంతసేపూ వెలిగే ఎర్రబల్బు తలుపు మీద వెలిగింది. పాట మొదలైంది.

ఏం పాటండీ అది. డోలు లేదు, డప్పు లేదు, ఒట్టి గొంతు. గరుకుగా ఉన్న మాట నిజమే, ఆ గరుకే ప్రాణం. రెండు చరణాలు అయ్యేసరికి మా అమ్మ గుర్తొచ్చి నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పెద్ద పెద్ద సౌండ్ ఇంజినీర్లు ఫోటోల్లో కళ్ళు మూసుకుని వింటుంటారు చూడండి, అట్లా నేనూ కళ్ళు మూసుకున్నాను. మగ్గం మీద కట్టిన పాట కాబట్టి దాని నడక మగ్గం నడకే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారే, గుంటలో వచ్చిన నడక డిగ్రీతో పోతుందా? నాకు తెలియకుండానే నా కాళ్ళు పనిలోకి దిగాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. రికార్డు చెయ్, తుడిచెయ్, రికార్డు చెయ్, తుడిచెయ్.

పాట ముగిసింది. కళ్ళు తుడుచుకుని తెర చూశాను. పొడుగ్గా పరుచుకుని ఉండాల్సిన పాట చిటికెన వేలి గోరంత ఉంది. దగ్గరికి లాగి చూపే షార్ట్‌కట్ నొక్కాను, పెద్ద గోరంత అయింది. వినిపించే షార్ట్‌కట్ నొక్కాను.

"అయిపాయెనా బిడ్డా? జర నీళ్ళియ్యి."

అంతే. అదొక్కటే మిగిలింది. అంత స్వచ్ఛమైన రికార్డింగు మా స్టూడియో చరిత్రలో లేదు.

ఎరుపు నొక్కాను, పచ్చ నొక్కాను, పసుపు నొక్కాను. బస్సులో వల్లించిన షార్ట్‌కట్లన్నిటినీ పేరుపేరునా పిలిచాను, ఒక్కటీ పలకలేదు. ఇంతలో యాదగిరన్న మెచ్చుకోలుగా నవ్వుతూ లోపలికొచ్చాడు.

"ఏం పనితనం చెల్లె. ఎర్రబల్బు పెండ్లింటి లైట్ల లెక్క ఆరుకుంట ఎలుగుకుంట ఉన్నది. కొత్త షార్ట్‌కట్ కావచ్చని ఊకున్న."

అప్పుడు బల్ల కిందికి వంగి చూశాను. నా కాళ్ళు పెడళ్ళ మీంచి జారిపోయి, ఒట్టి నేలను ఇంకా తొక్కుతూనే ఉన్నాయి.

పెద్దమ్మ బయటికొచ్చి, నా పక్కనే స్టూలు మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు. ముక్క తుంచి, తొక్కులో అద్ది, ఇనిపియ్యి బిడ్డా, ఇనుకుంట తింట అంది. కరెంటు పోయిందని అబద్ధమాడదామా అనుకున్నాను. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"పెద్దమ్మా, పాట పోయింది," అన్నాను.

"యాడికి పోయింది?"

"నేనే తొక్కిన."

ఆమె చేతిలోని ముక్కను తిరిగి డబ్బాలో పెట్టింది. మూత కూడా పెట్టింది. ఆ మూత చప్పుడుకు నేను సిగ్గుతో చచ్చిపోయాను. గొంతు బాగాలేదని వెనక్కి పంపినవాళ్ళే నయం, పాటనైనా ఆమె దగ్గర ఉండనిచ్చారు. ఏడుస్తూనే పెడళ్ళు చూపించి, ఏది తొక్కితే ఏమవుతుందో, నేనేం చేశానో అంతా చెప్పాను. ఆమె వంగి పెడళ్ళను చూసింది, నా కాళ్ళను చూసింది, మళ్ళీ పెడళ్ళను చూసింది.

"మీరు నేసెటోల్లా బిడ్డా?"

అవునన్నాను. తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. భుజాలు కదిలేలా, బల్ల పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"గొంతు మంచిగలేదన్నరని నాకు ఇన్నొద్దులు మనాది ఉండె," అంది ఊపిరి తిప్పుకుని. "కండ్లు మూసుకున్న పిల్ల కాళ్ళను మగ్గమెక్కిచ్చిందంటె, నా గొంతుకు ఇంకేం గావలె?"

నాకైతే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండోసారి పాడనన్నావు కదా పెద్దమ్మా అని భయంభయంగా గుర్తుచేశాను.

"ఇంక తినలె గద. కడుపు ఖాళీగనే ఉన్నది, పాట ఆడ్నే ఉన్నది. నువ్వు మాత్రం కాళ్ళు మీదికి తీసుకో."

నన్ను కుర్చీలో బాసింపట్టు వేయించింది. పెడళ్ళ తీగ పీకించింది. సొరుగు తాళం తీయించి, మౌసును యాదగిరన్న చేతిలో పెట్టించింది. ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని, బొమ్మ వెతుక్కుని, ఒకసారి నా మొహం చూసి నొక్కాడు. బల్బు వెలిగింది, చివరిదాకా వెలుగుతూనే ఉంది. ఈ పాట మొదటిదానికన్నా బాగా వచ్చిందో లేదో చెప్పలేను, పోల్చి చూద్దామంటే మొదటిది లేదు కదా. మూడు చోట్ల దాచాక, పెద్దమ్మ డబ్బా మళ్ళీ విప్పి రొట్టె తింటూ వింది. తన గొంతు అచ్చం తన అవ్వ గొంతు లెక్కనే ఉన్నదని మురిసిపోయింది. నాకూ ఒక ముక్క పెట్టింది.

మర్నాడు రికార్డింగు శుభ్రం చేద్దామని హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే, పాట వెనక సన్నగా దబ్, దబ్ అని ఏదో వినిపించింది. నా కాళ్ళు కుర్చీలోనే ఉన్నాయి కదా అని ఊపిరి పీల్చుకున్నాను. తీసేద్దామంటే గొంతులో కలిసిపోయి ఉంది, తీస్తే పాట బోసిపోతోంది. అట్లాగే వదిలేశాం. పాట ఫోన్ల వెంట ఊళ్ళు తిరిగింది. నెల తిరక్కుండానే మహబూబ్‌నగర్ నుంచి బ్యాండు మేళం నడిపే పెద్దమనిషి ఒకాయన ఫోన్ చేశాడు. ఆ పాటలో డప్పు కొట్టిన మనిషి ఎవరు, మాకు పంపుతారా అని. డప్పు లేదంటే వినడు. యాదగిరన్న విసిగిపోయి పెద్దమ్మ నంబరు కలిపి, ముగ్గురినీ ఒకే ఫోనులో మాట్లాడించాడు.

"ఒక్కరు గాదు సారూ, ఇద్దరున్నరు," అంది పెద్దమ్మ తొణక్కుండా. "ఒకటి ఎడమది, ఒకటి కుడిది. నేను పాడితె తప్ప ఆడయి. నన్ను తోల్కపోతె అయ్యి గూడ వస్తయి."

కాబట్టి పాఠక మహాశయులారా, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఏ షార్ట్‌కట్‌నూ మోకాలి కిందికి దిగనివ్వను. నమ్మకం లేకపోతే వచ్చి చూడండి, ఈ ప్రమాణం కూడా బాసింపట్టు వేసుకునే చేస్తున్నాను.