పెండ్లి కారు తలుపులు

లింగంపేట దాటి ఎల్లారెడ్డి వైపు పోతుంటే, ఒక మూలమలుపులో పెండ్లి కారు వెనక తలుపు దానంతటదే తెరుచుకుంది. దానికి ఆనుకుని కూర్చున్న పెండ్లికూతురు నాయనమ్మ పోచవ్వ సగం బయటికి ఒరిగిపోయింది. పెండ్లికూతురు ఆమె రెక్క పట్టి లోపలికి గుంజింది. కారు నడుపుతున్న సాయిలత బ్రేకు తొక్కి, దిగి పరుగున వచ్చేసరికి పోచవ్వ కొంగు సర్దుకుంటోంది.

"ఏం కాలే బిడ్డా, నడువు. లగ్గం టైమైతుంది" అన్నది.

తలుపును తాడుతో సీటుకు కట్టి, సాయిలత ఎల్లారెడ్డి దాకా మెల్లగా నడిపింది. పెండ్లివాళ్లు నవ్వుకుని మరిచిపోయారు. ఆమె మాత్రం మరిచిపోలేదు.

ఆ కారు ఆమె భర్త శైలేందర్ చేతిపని. పాత అంబాసిడర్‌కు టాపు కోసేసి, మీగడ రంగు వేయించి పెండ్లిళ్లకు తిప్పేవాడు. అతను మస్కట్ పోయాక దాన్ని అమ్మేయమని కామారెడ్డిలో చుట్టాలంతా చెప్పారు. సాయిలత వినలేదు, డ్రైవింగ్ నేర్చుకుని తనే తిప్పుతోంది. ఆడమనిషి నడుపుతోందని పెండ్లికూతుళ్లకు ధైర్యం. దారిలో ఏడుపొస్తే సిగ్గుపడకుండా ఏడుస్తారు.

ఇంటికొచ్చినప్పటి నుంచి ఆమెకు కుదురు లేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. కారు తలుపు వేసి గుంజి చూసేది. పట్టేది, మళ్లీ పట్టేది, ఉన్నట్టుండి జారిపోయేది. ముందే ఒప్పుకున్న రాజంపేట పెండ్లికి రానని చెప్పేసి, శైలేందర్‌కు ఫోన్ చేసింది.

"లాకులకు జెర గ్రీజు పెట్టు, సరిపోతది" అన్నాడతను.

"లాకు లోపలి పండ్లు అరిగి పట్టుతలేవు. గ్రీజు ఏం చేస్తది? కొత్తయి వేయిస్తున్న."

డెంటింగ్ షెడ్డు ఎంకయ్య తుక్కు దుకాణం నుంచి ఈ కాలపు కారు లాకులు తెచ్చాడు. ఇవి రెండు మెట్లలో పడతాయి. మొదటిది జారినా రెండోది పట్టుకుంటుంది. తలుపులు కోసి, లోపల ఇనుప పలకలు అతికించి బిగించాడు.

సాయిలత వెనక సీట్లో ఇసుక బస్తా తలుపుకు ఆనించి పెట్టి, గుంతల రోడ్డు మీద తిప్పింది. తలుపు తెరుచుకోలేదు కానీ ప్రతి గుంతకూ టకటకమంది. ఆమె కారు ఆపి చూస్తే, తలుపు సందు పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంది. షెడ్డుకు తిరిగొచ్చింది.

"టాపు లేదు కదన్నా, బాడీయే వంగుతుంది. గిట్లయితే ఎంత మంచి లాక్ వేసినా ఒకనాడు ఇడుస్తది."

ఎంకయ్య కారు కింద చాలాసేపు చూశాడు. "అవును చెల్లె. అడుగున పైపులు అతికియ్యాలె. సీట్ల వెనక అడ్డంగా ఇనుప కమాను గూడ పెట్టాలె. అందం పోతది మరి."

ఫోన్‌లో ఆ మాట చెబితే శైలేందర్‌కు నచ్చలేదు. "ఇన్నేండ్లు నడిపిన. ఎవ్వలన్నా పడ్డరా?"

"పడేదాక ఆగాల్నా? ఆ ముసలామె రెక్క దొరకకపోతే ఏమయ్యేది?"

అతను ఫోన్ పెట్టేశాడు. ఆ పూటంతా ఆమె షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. పని ఆపమని ఎంకయ్యకు చెప్పలేదు. మరునాడు పొద్దున శైలేందర్ వీడియో కాల్ చేశాడు. కమాను చూపించమన్నాడు. చాలాసేపు చూసి, "బెల్టులు గూడ వేయించు" అన్నాడు, అంతే.

కమాను చూసి ఒకరు బుకింగ్ మానుకున్నారు. మాచారెడ్డి పెండ్లివాళ్లు మాత్రం దానికే బంతిపూలు చుట్టారు. పెండ్లి జంటను కూర్చోబెట్టుకుని సాయిలత బయల్దేరింది. గుంతలు వచ్చినప్పుడల్లా చెవి వెనక్కి పెట్టింది. ఏ చప్పుడూ రాలేదు. అయినా చేతులు స్టీరింగ్‌ను గట్టిగానే పట్టుకున్నాయి.

మండపం ముందు ఆపితే పెండ్లికొడుకుకు తలుపు తెరవడం రాలేదు. "ఇరుక్కున్నట్టుందక్కా" అన్నాడు.

సాయిలత దిగి వచ్చి, లోపలి పిడి ఎట్లా గుంజాలో చూపించింది. తలుపు తెరుచుకుంది. అతను దిగాక ఆమె దాన్ని మూసి, లాకు రెండు మెట్లూ పడిన చప్పుళ్లు విన్నాకే చెయ్యి తీసింది.