గంగారాం చెప్పని జవాబు

అది 2019. ఖతార్‌లో ప్రపంచ కప్ పనులు జోరుమీదున్నాయి. మా కంపెనీ ఆఫీసు అల్ సద్‌లో, కార్మికుల క్యాంప్ మెసైమీర్ వైపు. నేను వెల్ఫేర్ ఆఫీసర్‌గా రోజూ ఆ రెండింటి మధ్య తిరిగేవాణ్ణి. గదుల్లో ఏసీ పనిచేయకపోవడం నుంచి సైట్‌లో జరిగిన గొడవ దాకా ఏ ఫిర్యాదైనా ముందు నా దగ్గరికే వచ్చేది.

ఆ ఏడాది మా క్యాంప్‌లో మొదటిసారి ఎన్నిక పెట్టారు. కంపెనీలో గ్రీవెన్స్ కమిటీ అని ఒకటి ఉండేది. ఎవరిమీదైనా ఆరోపణ వస్తే విచారించి తీర్పు చెప్పే కమిటీ అది. హెచ్.ఆర్. మేనేజరు, ఒక సైట్ ఇంజనీరు, కార్మికులు ఎన్నుకున్న ఒక సభ్యుడు అందులో ఉంటారు. మొదటి ఇద్దరూ తరచుగా చెరో దారి పట్టేవారు కాబట్టి మూడోవాడి మాటకే బరువెక్కువ. ఒక మనిషి ఇక్కడ ఉండాలా, ఆ వారమే విమానం ఎక్కాలా అన్నది అతని నోటిమీద ఆధారపడవచ్చు.

పోటీలో నిలబడినవారిని ముందుగా ఇంటర్వ్యూ చేసి, ఎవరు ఎంత తగినవారో నోటీసు బోర్డులో పెట్టే పని నాకు అప్పగించారు. నాకది చాలా ఆసక్తిగా అనిపించింది. వెల్డర్‌ను పరీక్షించాలంటే అతను అతికిన ముక్కను వంచి, విరిచి చూస్తారు. న్యాయం చెప్పబోయేవాణ్ణి ఏం విరిచి చూడాలి? వారం రోజులు అదే ఆలోచించాను. చివరికి మాక్ కేస్ పెడదామనుకున్నాను. అంటే ఒక ఉత్తుత్తి తగాదా చెప్పి, నువ్వయితే ఏం తీర్పు చెప్తావని అడగడం.

ఉత్తుత్తి తగాదా కల్పించడానికి బద్ధకించాను. నా బల్లమీద ఒక నిజమైన కేసు ఉంది. లచ్చయ్య అనే ఫ్లాగ్‌మన్‌ది. వెనక్కి వచ్చే లారీలకు జెండాతో సైగలు చేసేవాడే ఫ్లాగ్‌మన్. అతను తన చోటు వదిలి వెళ్ళిన సమయంలో ఒక లారీ వెనక్కి వచ్చి పైపుల దొంతరను గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కాని ఫోర్‌మన్ అతన్ని ఇంటికి పంపాలని రాశాడు. ఫోర్‌మనే పిలిస్తే వెళ్ళానని లచ్చయ్య అంటాడు. పిలవలేదని ఫోర్‌మన్ అంటాడు. నేను పేర్లు తీసేశాను. పిలిచాడో లేదో తేలలేదు కదా అని ఆ సంగతి కూడా తీసేశాను. మిగిలినదాన్ని ప్రశ్నగా పెట్టాను.

గట్టి పోటీ ఇద్దరి మధ్యే. ఒకరు స్టోర్ కీపర్ సుధాకర్, గుడివాడ వైపు మనిషి. ఇంగ్లీషు, హిందీ బాగా వచ్చు. సెలవురోజైన శుక్రవారం చర్చి ప్రార్థన కూటంలో నా పక్కనే కూర్చునేవాడు. క్యాంప్ బయట కుటుంబంతో ఉండేవాడు, అతని ఇంట్లో ఎన్నోసార్లు భోంచేశాను. ఆ పరిచయం నా అంచనాకు అడ్డు రాదని గట్టిగా నమ్మాను. అలా నమ్మడం నా మొదటి తప్పు.

ముందు సుధాకర్‌ను అడిగాను.

"తప్పు తప్పేనండి. ఫ్లాగ్‌మన్ కదిలాడంటే ప్రాణాలతో చెలగాటం. జాలిపడితే రేపు ఇంకొకడు కదులుతాడు. ఇంటికి పంపాల్సిందే" అన్నాడు.

స్పష్టంగా, తడబడకుండా చెప్పాడు. పూర్తి మార్కులు వేశాను.

రెండోవాడు గంగారాం. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన స్టీల్ ఫిక్సర్, కాంక్రీటు పోసేముందు ఇనుప చువ్వలు కట్టేవాడు. పెద్ద గొంతు, పెద్ద మీసం. తన మాట తనకే ముద్దు. మెస్‌లో కూర్చుంటే అన్నం చల్లారేదాకా కబుర్లే. నా గదిలోకి వచ్చి కూర్చోగానే చాయ్ తెప్పించాను.

"వద్దు సార్" అన్నాడు.

"ఏం, షుగరా?"

"షుగర్ లేదు, గిగర్ లేదు. మా దిక్కు పంచాయితీల కూసునేటోడు ముందుగాల ఎవలింట్ల చాయ్ తాగడు. తాగిండంటే, నువ్వు వాళ్ళ దిక్కు, ఇగ పంచాయితీలకెల్లి లేచిపో అంటరు."

"నేనేం తగాదాలో ఉన్నవాణ్ణి కాదుగా!"

"ఇయ్యాల కాదు సార్. రేపటి సంగతి ఎవలకెరుక?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ప్రశ్న చదివాను. అతని నవ్వు ఆగిపోయింది.

"ఇది లచ్చన్న కేసు గద?"

"ఎవరి కేసూ కాదు. ఊరికే అడుగుతున్నా."

"క్యాంప్ల ఎవలకు తెల్వది సార్! నేను చెప్ప."

"ఎందుకు చెప్పవు?"

"రేపు నేను గెలిస్తే గా కేసు నా ముందలికే వస్తది. ఇయ్యాలనే తీర్పు చెప్పేస్తే, రేపు ఆయన చెప్పేది నేనేం వింట?"

అతనిదీ లచ్చయ్యదీ ఒకటే ఊరని నాకు తెలుసు. అందుకే తప్పించుకుంటున్నాడు, తన ఊరివాణ్ణి కాపాడుకోవాలని చూస్తున్నాడు అనుకున్నాను. కోస్తా నుంచి వచ్చిన మా ఆఫీసువాళ్ళందరికీ ఈ అలవాటు ఉండేది. ఆ వైపు వాళ్ళంతా ఒక్కటే, ఒకరినొకరు వదలరు అని ఎప్పుడో తేల్చేసుకున్నాం. అతని పేరు ఎదుట "సమాధానం ఇవ్వలేదు, నిష్పాక్షికత అనుమానం" అని రాసి బోర్డుమీద పెట్టాను. సుధాకర్ గెలిచాడు. తక్కువ తేడాతో ఓడిన గంగారాం ఆల్టర్నేట్ అయ్యాడు. అంటే అసలు సభ్యుడు కూర్చోలేనప్పుడు అతని బదులు కూర్చునేవాడు.

కొద్ది రోజుల్లోనే లచ్చయ్య విచారణ వచ్చింది. హెచ్.ఆర్. మేనేజరు జోర్డాన్ దేశస్థుడు, మర్యాదస్తుడు, తెలుగు ముక్క రాదు. ఇంజనీరుకీ రాదు. లచ్చయ్య మాటలను ఇంగ్లీషులో చెప్పే పని నాదే. ఊళ్ళో అతని ఇల్లు స్లాబు దాకా లేచి ఆగి ఉందని, వెనక్కి పంపిస్తే అది అలాగే నిలిచిపోతుందని నాకు ముందే తెలుసు.

"నీ తరఫున చెప్పుకోవలసింది ఏమైనా ఉందా?" అని మేనేజరు అడిగాడు. నేను తెలుగులో చెప్పాను.

లచ్చయ్య హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని సుధాకర్ వైపు చూశాడు.

"ఇగ నేనేం చెప్పాలె సార్? గీ అన్న ముందే చెప్పిండట గద, నన్ను ఇంటికి తోలాలెనని. నా కథ చదివి ఈయనను అడిగింది నువ్వేనట. మీరు మీరు తీర్పు చెప్పుకున్నంక నన్నెందుకు పిలిచిండ్రు?"

మేనేజరు నా వైపు తిరిగాడు. "ఏమంటున్నాడు?"

నా నోటివెంట వచ్చింది ఇది: "చెప్పుకోవడానికి ఏమీ లేదంటున్నాడు."

ఎందుకలా అన్నానో అప్పుడే తెలుసు, ఇప్పుడూ తెలుసు. అతని మాటలు ఉన్నవి ఉన్నట్టు చెబితే పెండింగ్ కేసును పరీక్షగా పెట్టిన నా నిర్వాకం బయటపడుతుంది. ఒక మనిషి బతుకు ఒకవైపు, నా పరువు ఒకవైపు ఉంటే నేను నా పరువు పట్టుకున్నాను. లచ్చయ్యకు ఇంగ్లీషు రాదు. నేను అతని గొంతు నొక్కేశానని అప్పుడు అతనికి తెలియను కూడా తెలియలేదు.

సుధాకర్‌కు తెలుసు. అతను నన్ను చూసిన చూపు నేను మరచిపోలేదు. అందులో కోపం లేదు. ఇబ్బంది ఉంది, తెలిసినవాడు దొంగతనం చేస్తుండగా చూసినట్టు. అతను లేచి నిలబడి ఇంగ్లీషులో, "సర్, అతను అన్నది అది కాదు" అన్నాడు. ఒక్కొక్క మాటా సరిగ్గా తర్జుమా చేశాడు. తర్వాత, "నేను ఇతని మాట వినకముందే తీర్పు చెప్పేశాను. బయటకు కూడా అదే చెప్పుకుని ఓట్లడిగాను. ఈ కేసులో నేను కూర్చోకూడదు" అని బయటకు నడిచాడు.

మేనేజరు విచారణ వాయిదా వేశాడు. నాతో ఒకే ఒక మాట అన్నాడు: "వచ్చేసారి కూడా నువ్వే అనువదిస్తావు. నేను పక్కన ఇంకొకరిని కూర్చోబెడతాను."

సుధాకర్ లేకపోతే ఆల్టర్నేట్ రావాలి. గంగారాంకి చెప్పడానికి క్యాంప్‌కు వెళ్ళాను. మెస్ బయట పళ్ళు కుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. సంగతి చెప్పి, "నీకు సంతోషమేగా, మీ ఊరివాడి కేసు" అన్నాను. ఇంకా బుద్ధి రాలేదు నాకు.

అతను నన్ను వింతగా చూశాడు.

"సంతోషమా? ఆయనంటే నాకు పడది సార్. మా నాయిన సచ్చిపోతే, పక్కింటోడయ్యుండి పాడె ఎత్తుకునేతందుకు రాలేదు. గప్పటిసంది మాటల్లేవు. ఒక్క క్యాంప్ల ఉన్నా ఎదురుపడితే మొఖం తిప్పుకుంటం."

"మరి ఆ రోజు ఎందుకు జవాబివ్వలేదు?"

"ఇస్తే ఏమిస్త? తోలున్రి వాణ్ణి అని ఇస్త. నోట్లకెల్లి ఒక్కసారి బయటపడ్డదంటే ఇగ నేను దాన్నే పట్టుకుంట. నా సంగతి నాకెరుక గద సార్."

నేను నిష్పాక్షికత అనుమానం అని రాసింది ఈ మనిషి గురించి. అనుమానం నిజమే. కాని నాకంటే ముందు, నేను ఊహించినదానికి నేరుగా ఎదురు దిక్కున, అతనే తనను అనుమానించుకున్నాడు.

రెండో విచారణలో గంగారాం కుర్చీలో కూర్చోకుండా నిలబడే లచ్చయ్యతో మాట్లాడాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత అదే మొదటి మాట అట.

"నీకూ నాకూ పడదని ఈ సార్లకు చెప్పిన. నేను కూసునుడు ఇష్టం లేకుంటే చెప్పు, పోత."

లచ్చయ్య కుర్చీ వైపు చెయ్యి చూపించాడు. "కూసో. నువ్వు తిట్టినా ఇని తిడుతవ్" అన్నాడు. ఆ రోజు నేను చేసిన తర్జుమా సంగతి సుధాకర్ ద్వారా అప్పటికే అతనిదాకా చేరింది. నన్ను చూపిస్తూ, "గాని ఈ సార్ మళ్ళ అట్లనే అబద్దం చెప్తేనో?" అన్నాడు.

మేనేజరు నా వైపు చూశాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను: "ఈయన మళ్ళీ ఆ రోజులాగే అబద్ధం చెబితే ఏంటని అడుగుతున్నాడు." పక్కన కూర్చున్న రెండో మనిషి అవునన్నట్టు తల ఊపాడు. నా వృత్తి జీవితంలో నేను చేసిన అతి కష్టమైన తర్జుమా అదే.

గంగారాం లచ్చయ్యను వదల్లేదు. "పిలిస్తే పోయినవ్, మంచిది. జెండ ఎవని చేతులనన్న పెట్టి పోవద్దా? లారీ ఆపి పోవద్దా?" అని నిలదీశాడు. తర్వాత గంగారాం లారీ డ్రైవర్‌ను పిలిపించమన్నాడు. ఆ నేపాలీ డ్రైవర్ వేరే కంపెనీవాడని మేము ఎవరమూ పిలవలేదు. "ఫ్లాగ్‌మన్ నహీ థా తో గాడీ పీఛే క్యోఁ లియా?" అంటూ, ఫ్లాగ్‌మన్ లేనప్పుడు బండి వెనక్కి ఎందుకు తీశావని గంగారాం హిందీలో అడిగాడు.

"ఫోర్‌మన్ నే హాథ్ దిఖాయా, భాయ్. యల్లా యల్లా బోలా."

ఫోర్‌మనే అక్కడ నిలబడి చేయి ఊపి లారీని వెనక్కి రప్పించాడన్నమాట. అక్కడే కూర్చున్న ఫోర్‌మన్ మొహం చూశాక, లచ్చయ్యను పిలిచాడా లేదా అని ఇంకెవరూ అడగనక్కర్లేకపోయింది.

లచ్చయ్యను ఇంటికి పంపలేదు. జెండా అప్పగించకుండా వెళ్ళినందుకు హెచ్చరిక ఇచ్చి, ఫ్లాగ్‌మన్ పని నుంచి తీసి హెల్పర్‌గా వేశారు. అది ఒక మెట్టు కింది పని, లచ్చయ్యకు నచ్చలేదు. ఆ షరతు పెట్టింది గంగారామే. ఆ ఇద్దరూ తర్వాత కూడా మాట్లాడుకున్నట్టు నేను చూడలేదు. నేను లచ్చయ్య గదికి వెళ్ళి క్షమించమని అడిగాను. "సరే తియ్ సార్" అన్నాడు, బూట్లు తుడుచుకుంటూ. అది క్షమించడమో కాదో నేను అడగలేదు.

ఆ తర్వాత ఇంకో రెండు ఎన్నికలకు ఇంటర్వ్యూలు చేశాను. మాక్ కేస్ మానేశాను. ఒక్కటే అడిగేవాణ్ణి: ఎవరి కేసు వస్తే నువ్వు ఆ కుర్చీలోంచి లేచి పక్కకు వెళ్తావు? కొందరు తలగోక్కుని, మా బామ్మర్దిది వస్తే లేస్తా అనేవారు, ఫలానావాడికి నాకు పాత కక్ష అనేవారు. వాళ్ళ పేర్లపక్కన మంచిమాట రాసేవాణ్ణి. ఎక్కువమంది మాత్రం గుండెమీద చెయ్యి వేసుకుని, నాకు అందరూ ఒకటే సార్ అనేవారు. 2019లో నన్నెవరైనా అడిగి ఉంటే నేనూ సరిగ్గా అదే చెప్పి ఉండేవాణ్ణి, అదీ సుధాకర్ ఇంట్లో భోజనం చేసి వచ్చి.