నంబర్ లేని పేరు

నా బిడ్డ ఇక లేదు. జ్వరం వచ్చిన ఐదో రోజునే సూర్యాపేట దవాఖానలో కన్ను మూసింది. అది పోయిన పదకొండో రోజు, దానితో పనిచేసే అమ్మాయి మా ఊరు మోతెకు వచ్చి, కంప్యూటర్ తెరిచి నన్నొక మాట అడిగింది. రక్తం ఇచ్చేవాళ్ల పట్టికలో నా బిడ్డ పేరు ఉంచాలా, తీసేయాలా అని.

ఆ పట్టిక నా బిడ్డ చేసిందే. సూర్యాపేటలో వెబ్ పేజీలు చేసే చిన్న షాపులో దాని కొలువు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో రక్తం ఇస్తామన్నవాళ్ల పేరు, ఊరు, ఫోన్ నంబర్ అందులో కనిపిస్తాయి. నేను చదివింది ఐదో తరగతి. ఇదంతా అది చెబితే తెలిసిందే.

ఏ పని చేసినా "ఇది లేకపోతే ఏమైతదే అమ్మా?" అని అడగడం దానికి అలవాటు. బస్సు రాకపోతే, కరెంటు పోతే, ఉప్పు మరిచిపోతే. నా ప్రాణం తీసేది.

అలాంటిది ఒక్కచోట తనే ఆ మాట అడగడం మరిచింది. మిర్యాలగూడలో కాన్పు కష్టమై ఒకామెకు రక్తం కావలసి వచ్చింది. పెనిమిటి పేజీ తెరిస్తే నాలుగు పేర్లు వచ్చి ఆగిపోయాయట. ఆయన షాపుకు ఫోన్ చేస్తే, నా బిడ్డ పేర్లు రాసుకున్న కాగితం చూసి మిగతా నంబర్లు చదివి చెప్పింది. తల్లీ బిడ్డా బతికారు. కానీ ఆ సాయంత్రం ఇది అన్నం ముట్టలేదు.

"ఐదో ఆయన నంబర్ రాయలేదమ్మా. పేజీ ఆయన కాడికొచ్చి ఆగింది. ఎనకున్నోళ్లు ఒక్కరు గూడ కనవడలే."

మాకు గొర్రెలున్నాయి. నాకు తెలిసిందే చెప్పాను. "కుంటిది దొడ్డి కాడ ఆగితే మందంత ఆగుతది బిడ్డా. నేను దాన్ని పక్కకు పట్టుకొని మిగిలినయి పోనిస్త."

నన్నే చూసి నవ్వింది. "నువ్వు గొర్ల కాడ గాదమ్మా, మా షాపుల ఉండాలె."

మరునాడు ప్రతి గడికీ కాపలా పెట్టింది. గడిలో ఏమన్నా రాసి ఉందా అని పేజీ ముందే చూసుకోవాలి, లేకపోతే 'నంబర్ లేదు' అని రాసి ముందుకు పోవాలి. ఖాళీలో సున్నాలు పెట్టెయ్యమన్నాడట షాపు సారు. ఇది ఒప్పుకోలేదు. "లేనిది లేదనే చెప్పాలె సార్. సున్నాలు సూసి ఫోన్ కొట్టుకుంట కూసుంటరు" అందట. ఇంటికొచ్చి ఆయన గొంతుతో చెప్పి నన్ను నవ్వించింది.

ఇప్పుడు దాని ఫోన్ బంద్ అయింది. "నంబర్ తీసేస్తే పేరు మిగులుతది చిన్నమ్మా. ఉంచుదామా?" అని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది.

ఉంచమనే మాట నోటిదాకా వచ్చింది. కానీ ఏ తల్లి కోసమో ఎవరో ఆ పేరు చూసి, మోతెకు దారి అడుగుతూ పొద్దు పోగొట్టుకుంటారు.

"తీసెయ్ బిడ్డా."

ఆ అమ్మాయి మీట నొక్కింది. కింద ఉన్న కోదాడ పిల్ల పేరు పైకి జరిగి, ఆ చోట నిలబడింది. పక్కన పది అంకెలున్నాయి. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుకున్నాను.