క్యాలెండర్ కోటు

బందరు రొయ్యల ఫ్యాక్టరీలో నాంచారమ్మ టీ గ్లాసు అందుకోగానే తాగదు. ఐసునీళ్లలో కొయ్యబారిన వేళ్లను గ్లాసు చుట్టూ వేసి, మేనేజరుగారి గది వైపు నాలుగు తిట్లు వదిలి, అప్పుడు తాగుతుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లందరూ సూపర్‌వైజర్లయ్యారు. ఆమె మాత్రం రొయ్యలు వలిచే బల్ల దాటలేదు. మొన్న మహిళా దినోత్సవానికి, తమ కంపెనీ ఆడవాళ్లను ఎంత పైకి తెస్తోందో చూపించే క్యాలెండర్ కోసం, మేనేజరు ఆమెకు సూపర్‌వైజర్ తెల్లకోటు తొడిగించి ఫోటో తీయించాడు.

ఫ్లాష్ ఆరగానే, "ఇక విప్పెయ్ నాంచారమ్మా, మా బావమరిది ఆ కోటేసుకుని డ్యూటీ ఎక్కాలి" అన్నాడు.

నాంచారమ్మ మెడ దాకా బొత్తాలు బిగించి, సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చుంది.

"ఎక్కమనండి బాబూ. బల్ల దగ్గర నా చోటు ఖాళీగానే ఉంది. చేతులు కడుక్కుని రమ్మనండి."