తిమ్మన్న బ్రాంచి నుంచి వెర్షన్ రెండు

గదిలోంచి కాలు బయట పెట్టకుండా, ఒక్క మీట నొక్కి, మూడు గంటల ప్రయాణమంత దూరంలో ఉన్న కాలువ గట్టు మీద నలభై ముగ్గురు రైతుల్ని ఒకరి మీదికి ఒకరు ఉసిగొల్పిన ఘనత మీలో ఎవరికైనా ఉందా? నాకుంది. పైగా ఆ పని చేసింది చెడగొట్టడానికి కాదు, బాగుచేయడానికి. నవ్వితే నవ్వండి గానీ పూర్తిగా విని నవ్వండి.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. రాయచూరు గంజ్ మార్కెట్లో మా నాన్నకు గోనె సంచుల దుకాణం. దాని వెనక గదిలో దుమ్ముకు తుమ్ముకుంటూ నేను కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. కూడు పెట్టే ఉద్యోగం ఒకటుండేది, దాని సంగతి వదిలేయండి. నా ప్రాణమంతా ‘వంతు’ మీద ఉండేది. కాలువ కింద ఎవరి పొలానికి ఏ రోజు, ఏ గంటకు నీళ్ళు వదలాలో తేల్చి, రైతుల ఫోన్లకు మెసేజ్ పంపే ప్రోగ్రాం అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా లోపలి కోడు తెరిచి చూసి దిద్దవచ్చు. కోడు చాలావరకు రాసింది అశ్రఫ్ భాయ్, మా ఊరి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే నిదానస్థుడు. నేను బ్రాంచిలకు కాపలాదారుని, వెర్షన్ల విడుదలకు అధికారిని. ఈ పదవి నాకెవరూ ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను.

బ్రాంచి అంటే తెలియనివాళ్ళకు ఒక్క మాట. అసలు ప్రోగ్రాంకి మెయిన్ అని పేరు. దాన్ని ముట్టకుండా పక్కన ఒక నకలు తీసుకుని, అందులో మన ప్రయోగాలు చేసుకుంటాం. అదే బ్రాంచి. బాగుంటే తీసుకొచ్చి మెయిన్‌లో కలుపుతాం, లేకపోతే పారేస్తాం. మెయిన్‌కి ఒక నంబరు వేసి లోకం మీదికి వదిలితే వెర్షన్ విడుదలైనట్టు. ఇంతే సంగతి. ఈ ఇంత సంగతికి నేను పద్దెనిమిది నియమాలు రాశాను. మెయిన్‌ని మా నాయనమ్మ మడి వంటిల్లులా చూసుకునేదాన్ని. అశ్రఫ్ భాయ్ ఒక కామా మార్చాలన్నా నా అనుమతి కావాలి.

“సుధా, నేను రాసిన కోడే కదనే?” అనేవాడు పాపం.

“రాసింది నువ్వే భాయ్. ముట్టుకునేతందుకు మాత్రం అడగాలె,” అనేదాన్ని.

మా ప్రోగ్రాంని వాడే రైతు సంఘాల్లో ఒకటి బాళగనూరు దగ్గర ఉంది. దాని అధ్యక్షుడు సూర్యారావు గారు. కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆయన పొలం కాలువ మొదట్లో ఉంటుంది. అదే కాలువకు చిట్టచివర మూడెకరాలు తిమ్మన్నవి. తిమ్మన్న మట్మారి వైపు నుంచి ఇల్లరికం వచ్చిన మనిషి. నీళ్ళెప్పుడూ మొదటి పొలం నుంచి మొదలై కిందికి వస్తాయి, వంతులూ అలాగే. ఆఖరి తడిలో తిమ్మన్న వంతు వచ్చేసరికి కాలువ కట్టేసేవారు. కిందటేడు వరి పాలు పోసుకునే వేళకు నీళ్ళందక, కోసిన పంటలో సగం తాలు.

ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో చూపించడానికి నేను ఆ ఊరు వెళ్ళినప్పుడు తిమ్మన్న నా పక్కన చతికిలబడి, తెర మీద తన పేరు కోసం కిందికి, ఇంకా కిందికి, అట్టడుగుకు చూశాడు.

“అమ్మా, గీ లిస్టును ఆఖరు నుంచి షురూ చేస్తె ఎట్లుంటది?”

“అట్ల కాదు తిమ్మన్నా. రూలు ప్రకారం మొదటి నుంచే.”

“నీళ్ళు ఇయ్యకుంటె పాయె. కంప్యూటర్‌ల అన్న ఒక్కపారి నా పేరు మీద చూస్త. గంతే.”

గంతే అన్నాడు గానీ నాకు మనసు ఊరుకోలేదు. అప్పటికప్పుడు ఒక బ్రాంచి తీశాను, దానికి ‘తిమ్మన్న’ అని పేరు పెట్టాను, లిస్టు తిరగేశాను. తెర మీద మొట్టమొదటి పేరు తిమ్మన్నది. ఆయన నవ్విన నవ్వు చూసి నాకూ మహా గొప్పగా అనిపించింది. అయితే లిస్టు తిరగేస్తే తప్పుల్ని పట్టుకునే టెస్టులు గోల పెడతాయి కదా, తెర నిండా ఎర్ర గుర్తులు. ఆ ఎరుపు కళ్ళకు గుచ్చుకుంటుంటే టెస్టుల్ని కూడా తిరగేశాను. అన్నీ పచ్చబడ్డాయి. ఇది బుద్ధి ఉన్నవాళ్ళు చేసే పనేనా? మీరే చెప్పండి.

బ్రాంచి పారేద్దాం అనుకుంటూనే వారం గడిచింది. ఆదివారం మధ్యాహ్నం వెర్షన్ రెండు విడుదల. అశ్రఫ్ భాయ్ ఫోన్ చేశాడు.

“టెస్టులన్ని పాసైనయా?”

“పచ్చటి పైరు లెక్క ఉన్నయి భాయ్.”

“ఒక్కపారి నన్ను కూడ చూడనియ్యి.”

“పద్దెనిమిది రూల్స్ రాసినదాన్ని నేను. నువ్వు బేఫికర్‌గ ఉండు,” అని మీట నొక్కాను. వెర్షన్ రెండు సంఘాల కంప్యూటర్లలోకి తనంతట తానే దిగిపోయింది. అలా తనంతట తాను దిగే ఏర్పాటు కూడా నాదే లెండి. ఆ వారం వంతులున్నది ఒక్క బాళగనూరు సంఘానికే, అది మిగతా సంఘాల పూర్వజన్మ సుకృతం.

సోమవారం పొద్దున్నే సూర్యారావు గారి ఫోను.

“ఏవమ్మా సుధా, ఆఖరి తడికి తొలి వంతు తిమ్మన్నకిచ్చారేంటి? నా పేరు నలభై మూడోది వచ్చింది. లస్కరు అప్పుడే పై తూములన్నీ మూసి తాళాలేసేశాడు. ఏదో పొరపాటైనట్టుంది, చూడమ్మా.”

“పొరపాటా? మా దాంట్లనా?” అన్నాను. ఆ గొంతు ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. “మీ సంఘమోళ్ళే లిస్టు ఉల్టా ఎక్కిచ్చినట్టున్నరండీ.”

“మేం ముట్టుకోలేదమ్మా. నువ్వే ముట్టుకోవద్దన్నావుగా.”

ఆయన పెట్టేశాక అశ్రఫ్ భాయ్‌కి చేశాను.

“నువ్వు ఏ బ్రాంచిల ఉండి రిలీజ్ కొట్టినవ్?”

“మెయిన్‌ల.”

“జర చూసి చెప్పు.”

చూశాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను.

“ఏంది, ఏ బ్రాంచిల ఉన్నవ్?”

“భాయ్... తిమ్మన్నల ఉన్న.”

“యా అల్లా! సరే, పరేషాన్ గాకు. పాత వెర్షన్ మళ్ళ పెట్టెయ్, అయిపోతది.”

బుద్ధున్న మాట. విని ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది. కానీ వెనక్కి వెళ్తే నా పరువేం కావాలి? “ఎనుకకు పోయే ముచ్చటే లేదు. ముందుకే పోత,” అని పళ్ళు కొరికి, ఒక్కదాన్నే కూర్చుని, అరగంటలో 2.0.1 విడుదల చేశాను. ఈసారి మెయిన్‌లో ఉన్నానో లేదో మూడుసార్లు చూసుకున్నాను కూడా. బ్రాంచి సరైనదే. దిద్దుబాటే తప్పు. సంఘానికి వెళ్ళిపోయిన లిస్టును మళ్ళీ తిప్పే తొందరలో, ఎవరికి ఏ గంటో పంచే కోడు లైనును తుడిచేశాను. నలభై ముగ్గురికీ ఒకే మెసేజ్ వెళ్ళింది: మీ వంతు ఈరోజు పదకొండు గంటలకు.

ఇక కూర్చోలేకపోయాను. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని సిందనూరు బస్సెక్కాను. మానవి ఊరు దాటేవరకు ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని 2.0.2 రాస్తూనే ఉన్నాను. సరిచేయకుండా ఆ గట్టు దిగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పక్క సీటు పెద్దమనిషి చాలాసేపు చూసి, “ఏమ్మా, పరీక్షనా?” అన్నాడు. అవునన్నాను.

నేను చేరేసరికి గట్టు జాతరలా ఉంది. ప్రతి మెసేజ్ కింద వెర్షన్ నంబరు వేయాలని పట్టుబట్టింది నేనే. దాని ఫలితం చెవులారా విన్నాను.

“నాది రెండు పాయింట్ సున్నా. దాని లెక్కన నాది పదో వంతు.”

“అది రద్దయిందండీ. నాది సున్నా పక్కన ఒకటి.”

“ఒకటుంటె పెద్దోనివా?”

“కొత్తది కదరా! కొత్తదే చెల్లుద్ది.”

“ఇద్దరూ ఆగండి, ఆ పిల్ల ఇంకోటి రాస్తందంట!”

తూములు తెరిచి మూసే కాలువ కాపలాదారు లస్కరు చేతులెత్తేసి చెట్టు కింద కూర్చున్నాడు. అతని దగ్గరుండాల్సిన తూముల తాళాల గుత్తి, తొలి వంతు తనదేనని తీసుకున్న తిమ్మన్న నడుముకు ఉంది. తిమ్మన్న గేటు పక్క రాయి మీద కూర్చుని కదలడం లేదు. పై తూములన్నీ ఒక్కసారి తెరిస్తే కిందికి చుక్క రాదు, అప్పటికి నీళ్ళు ఆయన పొలానికి ఇంకా ఫర్లాంగు దూరంలో ఉన్నాయి. కాలువేమో నాలుగు రోజుల్లో కట్టేస్తారు. పైరు మళ్ళీ పాల మీద ఉంది.

నేను సూర్యారావు గారి ముందు నిలబడి లాప్‌టాప్ తెరిచాను. “తప్పు నాదేనండీ. పొద్దుగాల మీ మీదికి తోసిన, అది కూడ నా తప్పే. ఇదిగో, సరైన లిస్టు తయారున్నది. మీట కొడితే అందరికీ పోతది.”

“కొట్టమ్మా మరి,” అన్నాడు వెనకనుంచి ఎవరో.

“ఆగు,” అన్నాడు తిమ్మన్న. రాయి మీంచి లేవలేదు. గొంతు కూడా పెంచలేదు. “గిది తప్పంటున్నవ్ కదమ్మా. పదేండ్ల నుంచి నా పేరు ఆఖర్ల ఉండె. అప్పుడు ఒక్కడన్న తప్పని అన్నడా?”

నా వేలు మీట మీదే ఉంది. మూడు గంటలు బస్సులో కూర్చుని నేను కాపాడుకోవడానికి వచ్చింది నా పేరునే, ఆ మూడెకరాలను కాదు. అది తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. వేలు తీసేశాను.

“మీరందరు అనుకుని చెప్పేదాక నేను కొట్టను,” అన్నాను. “ఆఖరి రైతు కూడ ఒప్పుకోవాలె.”

సూర్యారావు గారు చెప్పులు విడిచి పక్కనే ఉన్న తన పొలంలోకి దిగి నిలబడ్డారు. చీలమండ దాకా నీళ్ళు.

“నా పొలం నాలుగు రోజులు ఆగుద్ది,” అన్నారు. “పై పొలాలన్నీ ఆగుతాయి. ఒరేయ్, ఆగవని ఎవడన్నా అంటే ఇలా వచ్చి నా పక్కన నిలబడి చెప్పండి.” ఎవరూ దిగలేదు. సణుక్కున్నవాళ్ళు ఉన్నారు, దిగినవాళ్ళు లేరు. “ఏవయ్యా తిమ్మన్నా, తాళాలు నువ్వే ఉంచుకో. కింది నుంచి పైకి తడుపుకుంటూ రండి.”

సాయంత్రానికి నీళ్ళు తిమ్మన్న గట్టు దాటి పొలంలోకి దిగాయి. ఆయన పారతో నాలుగు చోట్ల మట్టి తీసి దారి చేసుకుంటూ పోయాడు. నాకు ఏడుపొచ్చింది. నాలుగో రోజుకు పై పొలాలూ తడిశాయి. ఆ ఏడు తిమ్మన్న వరిలో తాలు లేదు.

తరువాతి పంటకు 2.1 విడుదల చేశాను. ఆ జాగ్రత్త మీరు చూసి ఉండాల్సింది! మెయిన్‌లోంచే తీశాను, టెస్టులు అసలు రూపంలో నడిపాను, అశ్రఫ్ భాయ్‌తో రెండుసార్లు చూపించాను. లిస్టు నిక్కచ్చిగా మొదటి పొలం నుంచి మొదలైంది. హమ్మయ్య అనుకున్నాను.

మూడో రోజు అశ్రఫ్ భాయ్ నవ్వాపుకోలేక ఫోన్ చేశాడు. “సుధా, ఫిర్యాదుల పేజీ తెరువు.”

తెరిచాను. మా ప్రోగ్రాం మీద తిమ్మన్న పెట్టిన మొట్టమొదటి ఫిర్యాదు: “కొత్త వెర్షన్‌ల పాత తప్పు పనిచేస్తలేదు. జల్ది రిపేర్ చెయ్యండి.”

దాని కింద సూర్యారావు గారి సంతకం: “మాకూ పనిచేయడం లేదు. సంఘంలో తీర్మానం చేశాం. ఒక పంట విడిచి ఒక పంటకు ఆ తప్పు తప్పనిసరిగా కావాలి.”

“దీన్ని దేంట్ల ఎక్కియ్యాలె మేడమ్?” అన్నాడు భాయ్. “నీ పద్దెనిమిది రూల్స్‌ల ఎక్కడన్న ఉన్నదా?”

లేదు. అందుకని పంతొమ్మిదోది రాశాను. కంప్యూటర్ మీద కుడి చెయ్యి వేసి, గోనె సంచుల సాక్షిగా, అశ్రఫ్ భాయ్ వింటుండగా పైకి చదివాను: “ఇకముందు నా కంఠంలో ప్రాణం ఉండగా ఎన్నడూ పొరపాటున తప్పు చేయను. చేసే ప్రతి తప్పూ ముందుగా ఆఖరి పొలం రైతుకు చూపించి, మెయిన్‌లో కలిపి, నంబరు వేసి మరీ చేస్తాను.”